హల్లులు వినిపించే స్పీకర్లు

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను కలిస్తే ముందుగా అడిగేది ఒకటే. "ఆంటీ, ఏ కంపెనీది మంచిది?" గది ఎంత ఉంది అని నేను అడుగుతాను. అందులో ఎవరు కూర్చుంటారు అని అడుగుతాను. గోడకి అవతల ఎవరుంటారు అని అడుగుతాను. అప్పటికి వాళ్ళ మొహంలో ఉత్సాహం తగ్గిపోతుంది. పెద్దావిడ చాదస్తం అనుకుంటారు కాబోలు. అందుకే ఈ నాలుగు మాటలు రాసి పెడుతున్నాను. చదివి, నచ్చితే ఉంచుకోండి, లేకపోతే లేదు.

నేను చేసిన పని ఇళ్ళల్లో పాటలు, సినిమాలు వినే సామాను ఎంచి పెట్టడం, బిగించడం, పాడైతే బాగు చేయడం. పదవులూ, జీతాలూ రాయను. వాటిలో నేర్చుకోవడానికి ఏమీ లేదు. ఒక యజమాని గురించి, ఒక ఇంటి గురించి మాత్రం వివరంగా రాస్తాను. తొంభైల చివరి సంవత్సరాల మాట ఇది. భిలాయిలో 'హోమ్ థియేటర్' అనే మాట అప్పుడే నలుగురి నోటా పడుతోంది.

కౌంటరు వెనక ఆడమనిషి

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు ప్లాంటు కట్టే రోజుల్లో భిలాయి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడి క్యాంప్ 1 బస్తీలో. ఐటీఐలో రేడియో, టీవీ మెకానిక్ కోర్సు చేశాను. ఆ తరగతిలో ఆడపిల్లలు తక్కువ. పాసయ్యాక వాళ్ళకి పని ఇచ్చేవాళ్ళు ఇంకా తక్కువ. సుపేలా బజారులో టీవీలు, టేప్‌రికార్డర్లు అమ్మే ఒక పెద్ద దుకాణం ఉండేది. యజమానిని అందరూ సేఠ్‌జీ అనేవారు. నేను వెళ్ళి పని అడిగితే ఆయన గుయ్‌మని మోగుతున్న ఒక ఆంప్లిఫయర్ నా ముందు పెట్టి, టీ తాగడానికి వెళ్ళిపోయాడు. ఆయన తిరిగొచ్చేసరికి లోపల వదులైన ఎర్త్ తీగ వెతికి టంకం వేసేశాను. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "రేపటి నుంచి రా, బేటీ" అన్నాడు.

మొదట్లో వచ్చినవాళ్ళందరూ నా తల మీదుగా లోపలికి చూసేవారు. "భయ్యా లేరా?" అనేవారు. "భయ్యా భోజనానికి వెళ్ళారు, ఈలోగా నేను చూపిస్తాను" అనేదాన్ని. అక్కడ భయ్యా ఎవరూ లేరు. సామాను కట్టించుకుని రిక్షా ఎక్కేదాకా వాళ్ళకి ఆ భయ్యా గుర్తు కూడా వచ్చేవాడు కాదు. ఆడపిల్లలు ఎవరైనా ఈ పనిలోకి వస్తుంటే చెబుతున్నాను. గొడవపడి గౌరవం సంపాదించుకోవడం ఒక దారి. పని మొదలుపెట్టేయడం ఇంకొక దారి. నాకు రెండోదే కలిసొచ్చింది.

సేఠ్‌జీ పద్ధతి

దుకాణం వెనక ఒక చిన్న వినికిడి గది ఉండేది. గోడల నిండా తివాచీలు. కొనడానికి వచ్చిన గ్రాహకుణ్ణి అక్కడ కూర్చోబెట్టి, సేఠ్‌జీ బాస్, అంటే లావు శబ్దం, పూర్తిగా పెంచి, వాల్యూమ్ సగం దాటించి ఒక డప్పుల పాట పెట్టేవాడు. మనిషి చొక్కా కదిలేది. "చెవికి అమ్మితే బేరమాడతారు బేటీ. ఛాతీకి అమ్మాలి" అనేవాడు హిందీలో. అలా ఎన్నో అమ్మాడు.

ఒకసారి నెహ్రూ నగర్‌లో కొత్తగా ఇల్లు కట్టుకున్న ఒక కాంట్రాక్టరు వచ్చాడు. నడుమెత్తు స్పీకర్లు రెండు, వాటికి తగిన పెద్ద రిసీవర్ కొన్నాడు. రిసీవర్ అంటే రేడియో, ఆంప్లిఫయర్ కలిసి ఉండే పెట్టె. టీవీ నుంచీ వీసీడీ ప్లేయర్ నుంచీ వచ్చే ధ్వనిని స్పీకర్లకి పంచిపెడుతుంది. నేను వెళ్ళి బిగించాను. ఆ ఇంట్లో సినిమాకని కేటాయించిన గది, ఆయన పడక గదిలో సగం కూడా లేదు. ఆ స్పీకర్లు అందులో గర్జించాయి. మాట వస్తే బిందెలోంచి వచ్చినట్టు వచ్చింది. వంటింట్లో అలమారలో స్టీలు గిన్నెలు గలగలలాడాయి. వాళ్ళ అమ్మగారు బయటికొచ్చి, "గూడ్సు బండి పోతోందా?" అని అడిగారు.

కొద్ది రోజులకే కాంట్రాక్టరు కోపంగా దుకాణానికి వచ్చాడు. సేఠ్‌జీ తనే నాతో వచ్చి, ఆ గదిలో కూర్చుని, ఒక పాట పూర్తిగా విన్నాడు. మారు మాట్లాడకుండా స్పీకర్లు వెనక్కి తీసుకుని, అరలో పట్టే చిన్న జత ఇప్పించాడు. తిరిగి వచ్చేటప్పుడు టెంపోలో, "ఇక మీదట ముందు నువ్వు వెళ్ళి గది చూడు. తర్వాతే అమ్మకం" అన్నాడు.

సేఠ్‌జీలో నాకు నచ్చని గుణాలు చాలా ఉన్నాయి. జీతం పెంచమంటే టీ తెప్పించేవాడు. తన మాటే వేదమనుకునేవాడు. అయినా తప్పు సామాను అంటగడితే వెనక్కి తీసుకోవడానికి ఎన్నడూ మొహం చాటేయలేదు. మీకు అలాంటి యజమాని దొరికితే మిగతావన్నీ భరించండి.

శ్రీను అడిగింది

శ్రీను ప్లాంటులో హాజరు లెక్కలు చూసే టైమ్ ఆఫీసులో పనిచేసేవాడు. ఇక్కడే పుట్టి పెరిగిన కుర్రాడు. తెలుగు మధ్యలో హిందీ దొర్లేది. ఒక ఆదివారం దుకాణానికి వచ్చాడు.

"దీదీ, ఇంట్లో హోమ్ థియేటర్ పెట్టాలి. బాస్ ఏకదమ్ జోరుగా ఉండాలి. సోఫా ఊగిపోవాలి" అన్నాడు.

"గది ఎంత?"

"చిన్నదే. సెక్టార్‌లో ప్లాంటు క్వార్టర్ కదా, ముందు గదే."

"ఎవరి కోసం బాబూ ఇదంతా?"

ఆ మాటకి కొంచెం తడబడ్డాడు. "నాన్న కోసం. రిటైరయ్యాక ఆయన టీవీ చూడ్డమే మానేశారు. మాతో కూర్చోవడమే మానేశారు దీదీ. రోజంతా వరండాలో ఉంటారు. సినిమా హాల్ లాగ పెడితే లోపలికి వస్తారేమోనని."

సోఫా ఊగాలని అడిగినవాళ్ళను చాలామందిని చూశాను. దాని వెనక ఇలాంటి కారణం చెప్పినవాడు అతనొక్కడే. మర్నాడు సాయంత్రం గది చూడ్డానికి వస్తానన్నాను.

చారు, కారు

వాళ్ళది రెండు క్వార్టర్లకీ మధ్య ఒకే గోడ ఉన్న ఇల్లు. ముందు గదిలో ఆ మధ్య గోడకే ఆనించి ఒక షోకేసు, అందులో టీవీ. వరండాలో మడత కుర్చీలో శ్రీను నాన్న సింహాచలం గారు కూర్చుని ఉన్నారు. రోలింగ్ మిల్లులో సర్వీసంతా చేసి రిటైరైన మనిషి. నేను దగ్గరకి వెళ్ళి, "బాబాయ్, టీవీ ఎందుకు మానేశారు?" అన్నాను.

"ఏటున్నాది అందులో? ముద్దముద్దగా మాటాడతారు. ఈమజ్జి మాటాడ్డం ఎవడికీ రాదు."

"చెవులు ఒకసారి డాక్టరుకి చూపించారా?"

ఆయన కుర్చీలోంచి లేచిపోయారు. "నాను సెవిటోణ్ణేటి? పైనెగిరే పిచిక కూత కూడా ఇనపడతాది నాకు" అని గేటు దాకా వెళ్ళి అటు తిరిగి నిలబడ్డారు. అక్కడ పిచ్చుకలు అరుస్తూనే ఉన్నాయి. ఆయనకి అవి వినిపిస్తున్నాయో లేదో నాకు తెలియదు.

లోపల శ్రీను అమ్మ నర్సమ్మ పిన్ని నాకు టీ ఇచ్చి పక్కన కూర్చుంది.

"అమ్మీ, ఆయనకి నేను ఎదురుగా నిలబడి మాటాడితే అర్థమవుతాది. పక్కగదిలోంచి పిలిస్తే ఒకటంటే ఒకటి ఇంటాడు. మొన్న సారు పొయ్యనా అంటే, మనకి కారెందుకే అన్నాడు. పప్పు ఎయ్యనా అంటే కప్పు తెచ్చి సేతిలో ఎట్టినాడు" అని నవ్వింది. నవ్వు ఆగిపోయాక ఇంకొకటి చెప్పింది. "టీవీ మానేసింది మాత్రం అందుకు కాదు. పక్కింటోళ్ళతో మాటొచ్చింది."

పక్కింట్లో ఉండే పైడిరాజు కూడా మా వైపు మనిషే, విజయనగరం వాడు. కరిగిన ఇనుము మోసే క్రేన్ నడుపుతాడు. మారే షిఫ్టుల డ్యూటీ. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకోవాలి. ఇటువైపు సింహాచలం బాబాయి మాట అర్థం కాక వాల్యూమ్ పెంచుతూ పోయేవారు. గోడ అవతల పైడిరాజుకి నిద్ర ఉండేది కాదు. ఒకరోజు అతని భార్య రమణమ్మ వచ్చి గుమ్మంలో నిలబడి చెప్పేసింది. తన మొగుడు నిద్ర లేక క్రేన్ మీద కునుకు తీస్తే కింద ఉన్నవాళ్ళ గతేంటని.

"అంతే అమ్మీ. ఆయన టీవీ తీగ పీకీసినాడు. ఆ క్రేన్ కింద పనిసేసినోళ్ళని నానెరుగుదును అన్నాడు. ఆరోజు నుంచి దాని ముందు కూకోలేదు. వాళ్ళింటికీ ఎల్లలేదు. శ్రీనుకి గొడవ తెలుసు గానీ, నాన్న అందుకే బయట కూకుంటన్నాడని తెలీదు."

ఇక్కడ కొంచెం ఆగి, ఈ పనికి పనికొచ్చే సంగతి ఒకటి చెప్పాలి. మాటలో అచ్చులు లావుగా, బలంగా ఉంటాయి. హల్లులు సన్నగా, పదునుగా ఉంటాయి. చ, క, త, ప, స ఇవన్నీ క్షణంలో వచ్చి పోయే సన్నని శబ్దాలు. ఏళ్ళ తరబడి మిల్లు రొదలో పనిచేసిన చెవిలో ముందుగా అరిగిపోయేవి ఇవే. అచ్చులు మిగులుతాయి. 'చారు'లో 'ఆ', 'ఉ' వినిపిస్తాయి. ముందున్నది 'చ'నో 'క'నో తెలియదు. అందుకే ఆ మనిషికి డప్పు బాగా వినిపిస్తుంది, ఉరుము వినిపిస్తుంది, ఎదుటివాడు ఏమన్నాడో అర్థం కాదు. చెవుడు లేదని ఆయన అనడంలో అబద్ధం లేదు. ఆయనకి శబ్దం అందుతోంది, మాట అందడం లేదు. ప్లాంటు మనుషులు దుకాణానికి వస్తే చాలామంది సన్న శబ్దాలు పెంచే ట్రెబుల్ బటన్ కుడి చివరికి తిప్పేసేవారు. మొదట్లో రుచి లేని మనుషులనుకునేదాన్ని. తర్వాత తెలిసింది, వాళ్ళు హల్లుల కోసం వెతుక్కుంటున్నారని.

ఇలాంటి మనిషికి సోఫా ఊపే బాస్ పెడితే ఏమవుతుంది? మిగిలిన హల్లులు కూడా దాని కింద పడి నలిగిపోతాయి. ఆయన ఇంకా పెంచుతాడు. గోడ అవతల పైడిరాజు లేచి కూర్చుంటాడు.

ఏవి ఎంచాం, ఎందుకు

శ్రీనుని కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. ఆ గొడవ వల్లే నాన్న బయట కూర్చుంటున్నారని తల్లి చెప్పిందీ చెప్పాను. అతను వరండా వైపు చూశాడు.

"అయితే వద్దా దీదీ?"

"ఎందుకు వద్దు? కావాలి. సరైనది కావాలి."

చిన్న గదికి ఎంచేటప్పుడు నేను ముందు మధ్య స్పీకర్ గురించి ఆలోచిస్తాను. టీవీ దగ్గర పెట్టే ఆ ఒక్కదానిలోంచే సినిమాలో మాటలు చాలా వరకు వస్తాయి. మన వాళ్ళు రెండు పక్కల స్పీకర్లూ పెద్దవి కొని, మధ్యది నామకః కొంటారు. నేను తిరగేసి మొదలుపెడతాను. ఉన్న స్తోమతులో మంచి మధ్య స్పీకర్ కొని, పక్కలకి అదే తయారీలో చిన్న జత తీసుకోవాలి. మూడూ ఒకే రకం కాకపోతే తెర మీద మనిషి నడుస్తూ మాట్లాడుతుంటే గొంతు మారిపోతుంది. వెనక రెండూ అన్నిటికంటే చిన్నవి సరిపోతాయి. కూర్చున్న మనిషి చెవికి కొంచెం పైన, పక్క గోడలకి బిగిస్తే చాలు.

ఆ కాలం టీవీలకి ఇంకో జాగ్రత్త కావాలి. మామూలు స్పీకర్ పక్కన పెడితే దాని అయస్కాంతం తెర మీద రంగులు పాడుచేసేది. ఒకరింట్లో కథానాయిక మొహం సగం ఆకుపచ్చగా మారి, వాళ్ళు టీవీ పాడైందని మోసుకొచ్చారు. టీవీ పక్కన పెట్టడానికి ప్రత్యేకంగా కవచం వేసి చేసినవి ఉండేవి. అవే తీసుకోవాలి.

రిసీవర్ విషయంలో అందరూ ఎన్ని వాట్లని అడుగుతారు. ఆ గదికి చిన్న రిసీవర్ ధారాళంగా సరిపోతుంది. నేను చూసింది రెండే. మధ్య స్పీకర్ స్థాయిని మిగతా వాటితో సంబంధం లేకుండా విడిగా పెంచుకోవచ్చా? అందులోంచి బాస్ తీసేయవచ్చా? ఆ రెండూ చేయగల మధ్యరకం రిసీవర్ ఒకటి మా దుకాణంలో ఉంది. కేబుల్‌లో వార్తలూ పాత సినిమాలూ ఎడమ, కుడి తేడా లేకుండా ఒకే ధారగా వచ్చేవి. ఆ రకం రిసీవర్‌ని, నాలుగు వైపుల నుంచీ ధ్వని వచ్చే సరౌండ్‌లో పెడితే వాటినన్నిటినీ మధ్య స్పీకర్‌కే పంపుతుంది. బాబాయి చూసేది అవే.

రిసీవర్‌ని ఎప్పుడూ అద్దాల షోకేసులో ప్లాస్టిక్ పూల మధ్య పెట్టకండి. మన ఎండాకాలంలో ఊపిరాడక చస్తుంది. పైన ఖాళీ వదలండి, మీద గుడ్డ కప్పకండి.

"సబ్‌వూఫర్?" అన్నాడు శ్రీను ఆఖరి ఆశగా. బాస్ కోసమే విడిగా పెట్టే పెద్ద డబ్బా అది.

"పైడిరాజు అన్నయ్య డ్యూటీ మానేశాక."

నవ్వేశాడు. ఒప్పుకున్నాడు.

సేఠ్‌జీ మాత్రం ఒప్పుకోలేదు. సబ్‌వూఫర్ లేకుండా అమ్మడం ఒకటి, అమ్మడానికి ముందే సామాను ఇంటికి పంపి పరీక్షించడం ఇంకొకటి. రెండూ ఆయనకి కొత్తే. "దుకాణమా ధర్మసత్రమా?" అన్నాడు. నేను నెహ్రూ నగర్ మాటెత్తలేదు. కరిగిన ఇనుము, క్రేన్, నిద్ర, ఈ మూడూ చెప్పాను. ఆయన తమ్ముడు కూడా ప్లాంటులోనే పనిచేసేవాడు. కాసేపు గల్లాపెట్టె మీద వేళ్ళతో తాళం వేసి, "టెంపోలో దుప్పట్లు చుట్టి తీసుకెళ్ళు. గీత పడకూడదు" అన్నాడు.

పక్కింటి మంచం మీద నుంచి

సింహాచలం బాబాయి మాకు అడ్డు చెప్పలేదు, సాయమూ చేయలేదు. "సప్పుడు ఆ గోడవతలికి ఎల్తే మాత్రం ఒప్పుకోను" అని ఒక్క మాట అనేసి కుర్చీ ఎండకి అవతలికి జరుపుకున్నారు.

ముందుగా టీవీని మధ్య గోడ దగ్గర నుంచి తీసేశాం. తోట వైపు బయటి గోడ దగ్గరికి మార్చాం. స్పీకర్లని గోడకి ఆనించకుండా ముందుకి జరిపి, విడి స్టాండ్ల మీద పెట్టాను. మధ్య స్పీకర్ టీవీ మీద, కొంచెం కిందికి వంచి, బాబాయి కూర్చునే చోటు వైపు తిప్పాను.

తర్వాత పక్కింటికి వెళ్ళాను. రమణమ్మ తలుపు సగమే తీసింది.

"ఏటమ్మా, ఇంకా పెద్దది ఎడతన్నారట గదా?"

"చిన్నవే వదినా. మీ పడక గదిలో వినిపిస్తే తీసేస్తాను. అది చూడ్డానికే వచ్చాను."

ఆమెకి నమ్మకం కలగలేదు. వెనక నుంచి పైడిరాజు వచ్చాడు. ఆ వారం రాత్రి డ్యూటీ కాబోలు, అప్పుడే లేచి మొహం కడుక్కున్నట్టున్నాడు. "రానీ" అని నన్ను లోపలికి తీసుకెళ్ళి మధ్య గోడ పక్కనున్న మంచం చూపించాడు.

"మాటతో నాకు బాధ లేదమ్మా. మాట గోడ దాటి రాదు. ఆ దబ్‌దబ్ మంటాదే, అది మంచం కోళ్ళలోంచి ఒస్తాది. సెవులు మూసుకున్నా లాభం లేదు. పైన క్యాబిన్‌లో కూకుంటే కింద లాడిల్ బకెట్లో ఇనుము ఎర్రగా మండతా ఉంటాది, పక్కన మనుషులు తిరగతా ఉంటారు. కన్ను మూతపడకూడదు గదా."

"అన్నయ్యా, మీరు పడుకోండి. శ్రీను అక్కడ సినిమా మొదలుపెడతాడు. మీకు ఏమైనా తెలిస్తే గోడ మీద తట్టండి" అన్నాను.

ఆయన పడుకుని కళ్ళు మూసుకున్నాడు. రమణమ్మ తలవైపు నిలబడింది. కొంతసేపటికి పైడిరాజు చెయ్యి లేచి గోడ మీద తట్టింది. నేనూ అరచెయ్యి గోడకి ఆనించి చూశాను. సన్నగా వణుకు తెలుస్తోంది. మళ్ళీ శ్రీను వాళ్ళింటికి వెళ్ళాను. వెనక స్పీకర్ ఒకటి శ్రీను తొందరలో మధ్య గోడకే మేకు కొట్టి తగిలించాడు. దాన్ని తీయించి కిటికీ పక్కకి మార్చాను. మధ్య స్పీకర్‌కి బాస్ తగ్గించాను. తిరిగొచ్చాను.

ఈసారి ఎంతసేపటికీ ఆయన చెయ్యి లేవలేదు.

"మొదలెట్టమను" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"ఎప్పుడో మొదలైంది అన్నయ్యా. సినిమా నడుస్తోంది."

"అబద్ధం."

లేచాడు. చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచి పక్క గేటు తీశాడు. ఆ గొడవ తర్వాత ఆ గేటు దాటడం అదే మొదటిసారట. వరండాలో బాబాయి కంగారుగా లేచి నిలబడ్డారు.

"ఏటి పైడిరాజూ, నిద్ర లేపీసినామేటి?"

"లేపలేదు గురూ. ఎందుకు లేపలేదో సూడ్డానికొచ్చినాను" అని లోపలికి తొంగి చూశాడు. టీవీలో ఎవరో మొగుడూ పెళ్ళాలు తగువులాడుకుంటున్నారు. గదినిండా మాటలు. అతను బాబాయి చెయ్యి పట్టుకున్నాడు. "మరి నువ్వు బయటెందుకు కూకున్నావు? రా."

బాబాయి వచ్చి కూర్చున్నారు. మొదట గోడ వైపే చూస్తున్నారు, అవతల ఎవరైనా ఇంకా పడుకున్నారేమో అన్నట్టు. శ్రీను అలవాటు కొద్దీ రిమోట్ తీసుకుని పెంచబోయాడు.

"ఎందుకురా? ఇనపడతన్నాది గదా" అన్నారు బాబాయి.

శ్రీను రిమోట్ కింద పెట్టేశాడు. తెర మీద మొగుడు ఏదో తెలివితక్కువ జవాబు చెప్పాడు. మేం నవ్వాక కాకుండా, మాతోపాటే ఆయన నవ్వారు. నర్సమ్మ పిన్ని టీవీ చూడడం మానేసి ఆయన్నే చూస్తూ ఉండిపోయింది. గుమ్మంలోకి వచ్చిన రమణమ్మని చూసి, "నిలబడిపోనావేటే, లోపలికి రా" అంది.

ఆ సాయంత్రం నేను టీ రెండుసార్లు తాగాల్సి వచ్చింది. సామాను సేఠ్‌జీ దగ్గరికి తిరిగి వెళ్ళలేదు, శ్రీను ఉంచేసుకున్నాడు.

ఈ పనిలో ఉన్నవాళ్ళకి ఇక్కడ నేను గట్టిగా చెప్పే మాట ఒకటుంది. సిస్టమ్ సరిగ్గా ఉందో లేదో కొన్నవాడి సోఫాలో కూర్చుంటే సగమే తెలుస్తుంది. మిగతా సగం పక్కింటికి వెళ్ళి తెలుసుకోవాలి. ఆ తర్వాత క్వార్టర్లలో ఎక్కడ బిగించినా నేను ముందు పక్కింటి తలుపు కొట్టాను. కొంతమంది విసుక్కున్నారు, చాలామంది టీ ఇచ్చారు. ఆ పక్కిళ్ళలోంచే నాకు తర్వాత గిరాకీ వచ్చిందంటే సేఠ్‌జీ కూడా కాదనలేదు.

దుకాణానికి వచ్చిన బాబాయి

వానలు మొదలయ్యాక ఒకరోజు సింహాచలం బాబాయి సైకిల్ మీద దుకాణానికి వచ్చారు. సేఠ్‌జీ మొహం వెలిగిపోయింది. సబ్‌వూఫర్ కోసమే వచ్చారనుకున్నాడు. బాబాయి ఆయన్ని దాటుకుని నా దగ్గరికొచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

"అమ్మా, ఒక సంగతడగాల. ఆ డబ్బాలోంచి ఒచ్చే మాటలు నాకు ఇప్పుడు అన్నీ తెలస్తన్నాయి. వార్తలు సదివే పిల్ల మాట కూడా తెలస్తన్నాది. మా ఇంటిదాని మాట మాత్రం తెలీడం లేదు. దానికేటైనా మిషనుందేటి నీ కాడ?"

ఇన్నాళ్ళూ టీవీదే తప్పని ఆయన నమ్మారు. టీవీ మాట స్పష్టమయ్యాక ఇక తప్పు మోపడానికి అది లేదు. ఆ సంగతి తనంతట తనే తెలుసుకుని, ఆ వయసులో సైకిల్ తొక్కుకుంటూ నా దగ్గరికొచ్చి అడిగారు. నేను ఆ మొదటి రోజు డాక్టరు మాటెత్తితే కుర్చీలోంచి లేచిపోయిన మనిషి.

"ఉంది బాబాయ్. అది మా దుకాణంలో దొరకదు. మీ ప్లాంటు ఆసుపత్రిలో చెవుల డాక్టరు దగ్గర పరీక్ష చేసి, మీ చెవికి తగ్గట్టు ఇస్తారు. మేం మధ్య స్పీకర్‌ని పెంచామే, అలా మీకు తగ్గిపోయిన శబ్దాల్నే పెంచుతుంది."

"సిన్నదేనా? బయటికి అగుపడతాదేటి?"

"కొంచెం కనిపిస్తుంది. కళ్ళజోడు కనిపించదా మరి?"

"పైడిరాజుని తోడు తీసుకెల్తాను. ఆడూ ఆ రొదలోనే పనిసేస్తన్నాడు, ఆడిక్కూడా సూపించాల" అన్నారు. తన కోసం వెళ్తున్నట్టు కాకుండా అతని కోసం వెళ్తున్నట్టు అనుకుంటే ఆయనకి సులువు. నేను అలాగేనన్నాను.

సేఠ్‌జీ అంతా వింటూనే ఉన్నాడు. బాబాయి వెళ్ళాక, "వచ్చిన గ్రాహకుణ్ణి ఆసుపత్రికి పంపించేశావు" అన్నాడు. కోపంగా అన్నాడో మెచ్చుకోలుగా అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన గొంతు ఎప్పుడూ ఒకేలా ఉండేది.

మన దగ్గర లేని వస్తువు ఎవరికైనా అవసరమైతే, అది ఎక్కడ దొరుకుతుందో చెప్పి పంపేయండి. నా చేతుల మీదుగా అమ్మినవాటిలో చాలా మరిచిపోయాను. అమ్మకుండా పంపినది ఇదొక్కటే బాగా గుర్తుంది.

చలికాలం వచ్చాక ఒక మధ్యాహ్నం నర్సమ్మ పిన్ని ఒక్కతే రిక్షాలో వచ్చింది. నేను వెనక గదిలో ఎవరికో పాట వినిపిస్తున్నాను. ఆమె లోపలికొచ్చి ఏదో అంది. నాకు వినపడలేదు. మళ్ళీ అంది. పెదవులు కదిలాయి గానీ మాట అందలేదు. గ్రాహకుణ్ణి క్షమించమని అడిగి పాట ఆపేశాను.

"ఏంటి పిన్నీ? బాబాయి బాగున్నారా?"

"బాగున్నాడమ్మీ. సెవిలో మిషనెట్టుకున్నాడు. అన్నీ ఇంటన్నాడు" అంది మెల్లగా. ఆమె మొహంలో సంతోషం, దాని వెనకే ఏదో తికమక కనిపించాయి. "పెళ్ళైన కొన్నేళ్ళకే మిల్లు ఆయన సెవులు తినీసినాది. అప్పట్నుంచి అరిసి అరిసి మాటాడ్డమే నాకు అలవాటైపోనాది. నిన్న వంటింట్లోంచి పిలిస్తే, అంత గట్టిగా అరవకే, పక్కనోళ్ళు ఇంటారు అన్నాడు." చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇప్పుడు నెమ్మదిగా మాటాడ్డం నేర్సుకుంటన్నాను. ఎంత తగ్గించాలో తెలీడం లేదు. నువ్వు ఆ పనిలోనే ఉన్నావు గదాని ఒచ్చినాను."

నా ఎదురుగా స్టూలు మీద సర్దుకుని కూర్చుంది. గొంతు సవరించుకుని, కొత్త పెళ్ళికూతురిలా, చాలా మెల్లగా అడిగింది.

"ఇలాగైతే సాలా అమ్మీ? ఇంకా తగ్గించాలా?"